బోర్డు మీద నాలుగో గడి

మా ధాత్రి నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా ఉంటుంది. ఆ సంగతి మొదట మా అత్తగారు కనిపెట్టారు. "ఏంటే, మనవరాలు ఉప్పుచేపలా ఉంది!" అని నవ్వారు. ఏడాది తర్వాత డాక్టరు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పేరు చెప్పిన రోజున ఇంట్లో ఆ నవ్వు ఆగిపోయింది. పుట్టుకతో వచ్చే జబ్బు. ఒంట్లో ఉప్పూ నీరూ కదలాల్సినట్టు కదలక ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పేరుకుపోతుంది. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. రోజూ వీపు తట్టాలి. రెండు పూటలా ఉప్పునీటి ఆవిరి పట్టాలి. పొద్దున్నే చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదించి, ముల్లు ఏ అంకె దగ్గర ఆగిందో రాసుకోవాలి. మా ఇంట్లో రోజు మొదలయ్యేది ఆ అంకెతోనే.

ఈ పిల్లల తల్లులం కొందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. అందులో నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో టీచరుగా పనిచేసే సుజాత గారు రోజూ ఉదయం ఏడింటికి ఒకే ఒక్క వాక్యం పెట్టేవారు. "నిస్సీ ఈరోజు 210." నిస్సీ ఆవిడ కూతురు, పదేళ్ళు. వేసవిలో 210 అన్న అంకె వానల్లో 230 అయింది, దసరాకి 260 దాటింది. మా పిల్లల అంకెలు జారుతుంటే ఆ ఒక్క అంకే ఎక్కుతోంది. ఎలాగండీ అని అందరం అడిగితే "యాంటీఆక్సిడెంట్లు" అన్నారు.

బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ మాట నాకు వెంటనే పట్టింది. ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో వాపు ఎప్పుడూ నివురు కింద నిప్పులా ఉంటుంది. దానివల్ల లోపలి కణాలు తుప్పు పట్టినట్టు దెబ్బతింటాయి. విటమిన్ సి, ఇ, సెలీనియం, గ్లూటాథయోన్ లాంటివి ఆ తుప్పును అడ్డుకుంటాయంటారు. మందుల షాపులో దొరికినవన్నీ తెచ్చి వేశాను. అంకె కదల్లేదు. "మీది షాపు మాత్రండి, మాది వేరే పొడి. ఒకసారి రండి, కలిపే పద్ధతి చూపిస్తాను" అని సుజాత గారు రాశారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఆ మాత్రలు మొదలుపెట్టాక నేను సాయంత్రం ఆవిరి మానేశాను. ధాత్రి ఏడుస్తుంది, దగ్గుతుంది, మాస్కు లాగేస్తుంది. మాత్రలున్నాయిగా అనుకున్నాను. ఆరు వారాలు అలా గడిచాయి. కాకినాడలో డాక్టరుకు చూపించాల్సిన తేదీ కూడా దాటించాను. మా ఆయన పనిచేసే రైసుమిల్లుకు కోతల సీజను, ఆయన రాలేనన్నారు. కార్తీకం వెళ్ళిన వారంలో నేనూ ధాత్రీ సుజాత గారి ఊరికి బయల్దేరాం.

రావులపాలెం

మండపేటలో బస్సు ఎక్కేసరికే ఊరంతా ఊక దుమ్ము. రావులపాలెం దాకా ధాత్రి దగ్గుతూనే ఉంది. ముందు సీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్ళాడు. ఇది అంటుకునేది కాదని బస్సు బస్సుకీ చెప్పలేక మానేశాను.

ఖాళీ అయిన సీట్లో ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది, ఒళ్ళో చక్కెరకేళి అత్తంతో. అడక్కుండానే ధాత్రికి ఒకటి తుంచి ఇచ్చింది. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది కాబట్టి ధాత్రి మెడలో ఎప్పుడూ ఒక చిన్న ఉప్పు డబ్బా ఉంటుంది. అది తీసి పండు మీద చల్లుకుంది.

"అరిటిపండు మీద ఉప్పేంటే తల్లీ!"

"నాకు ఉప్పు తక్కువ బామ్మా. నీకూ కావాలా?" అని ధాత్రి డబ్బా చేతికివ్వబోయింది. ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఉప్పు చేతికివ్వకూడదమ్మా. కింద పెట్టు, నేను తీసుకుంటాను."

మా ఇంట్లోనూ అంతే, ఎవరూ చేతికివ్వం, చేతితో తీసుకోం. ఎందుకని అడిగితే మాత్రం ఎవరికీ తెలీదు. ధాత్రి డబ్బాను సీటు మీద పెట్టింది. ఆవిడ తీసుకోలేదు, దాని వంక చూస్తూ సిద్ధాంతం అనే ఊరి దాకా వచ్చి దిగిపోయింది.

భీమవరం

మా వైపు గాలిలో ఊక వాసన. భీమవరంలో ఐసు వాసన, చేపమేత వాసన. వీధి వీధికీ మేత షాపులు. అద్దాల వెనక పాలపొడి డబ్బాల్లాంటివి వరసలుగా పేర్చి ఉన్నాయి, ప్రతి దాని మీదా మీసాలు చాచిన రొయ్య బొమ్మ. ఒక షాపు ముందు ట్రాఫిక్కులో ఆటో ఆగినప్పుడు చదివాను. విటమిన్ సి. విటమిన్ ఇ. సెలీనియం.

"ఇవన్నీ రొయ్యలకాండీ?" అని ఆటో అతన్ని అడిగాను.

"అవునండి. రొయ్యకి టెన్షనొస్తే వేస్తారు."

"రొయ్యకి టెన్షనా?"

"ఎండెక్కువైతే టెన్షను, వానొస్తే టెన్షను, పక్క చెరువులో రోగమొస్తే ఇంకా టెన్షను. రైతుకి దానికంటే ఎక్కువే ఉంటాదనుకోండి, పాపం ఆయనకే ఏ డబ్బా లేదు."

ధాత్రి పగలబడి నవ్వింది. నవ్వు దగ్గయింది. నేనూ నవ్వాను. ఆ డబ్బాలకు ఒక ఫొటో కూడా తీశాను. రాత్రి లాడ్జిలో పెసరట్టు తెప్పించుకున్నాం. అరవై రూపాయలు, మా మండపేటలో ఆ డబ్బుకు రెండొస్తాయి, అయితే ఇక్కడి అల్లం పచ్చడికి ఎంతిచ్చినా పర్లేదు.

గట్టు మీద ఇల్లు

మర్నాడు నరసాపురం వైపు వెళ్ళి, సుజాత గారు పంపిన దారి పట్టుకుని చెరువుగట్ల మీదుగా ఆటోలో వెళ్ళాం. తొమ్మిదిన్నరైనా మంచు విడలేదు. రెండు పక్కలా రొయ్యల చెరువులే. పక్షులు దిగకుండా నీళ్ళ మీద అడ్డంగా సన్నని తీగలు కట్టారు, వాటి వెంట మంచు బొట్లు. ఎక్కడా పిట్ట కూత లేదు. మనుషులు కూడా లేరు. నీళ్ళలోకి గాలి కొట్టే చక్రాలు మాత్రం చెరువు చెరువుకీ వాటంతటవే తిరుగుతున్నాయి. మా వైపు పొలంలో ఇంత పొద్దెక్కాక కనీసం ఒక గొంతు వినిపిస్తుంది. ఇక్కడ ఆ చక్రాల చప్పుడొక్కటే, మంచం పక్కన కూర్చుని రోగి ఊపిరి వింటున్నట్టుంది.

"ఎవరింటికండీ?" అన్నాడు ఆటో అతను.

"సుజాత టీచరు గారింటికి. వాళ్ళ పాపను చూడటానికి."

అద్దంలో నా మొహం కేసి చూశాడు. గట్టు చివర దింపి, తిరుగు బేరం కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

సుజాత గారు నేననుకున్నదానికంటే చిన్నావిడ. వరండాలో రెండు కుర్చీలు వేసి, గుమ్మానికి దూరంగా జరిపి ఉంచారు. "నిస్సీ లోపలుందండి. ఇద్దర్నీ కలపకూడదు కదా, తలుపేశాను" అన్నారు.

దారి పొడుగునా నేను భయపడుతున్నది అదే. ఈ జబ్బున్న ఇద్దరు పిల్లలు దగ్గరగా కూర్చోకూడదు. జబ్బు అంటదు కానీ, ఒకరి ఊపిరితిత్తుల్లో పెరిగే సూక్ష్మక్రిములు రెండోవారికి ప్రమాదం. ధాత్రికి మాస్కు పెట్టి, అక్కను దూరం నుంచే పలకరించాలని పదిసార్లు చెప్పి తెచ్చాను. ఆవిడ అంత జాగ్రత్తగా ఏర్పాటు చేశారని నాకు ప్రాణం లేచొచ్చింది. మూసిన తలుపు వెనక ఆవిరి మిషను గుర్రుమంటోంది. ఆ చప్పుడు నాకు మా ఇంటి చప్పుడే.

వరండా గోడకి తెల్ల బోర్డు ఉంది. దాని మీద నాలుగు గడులు గీశారు. మూడింటి మీద ఒకటో చెరువు, రెండో చెరువు, మూడో చెరువు అని రాసుంది. నాలుగోదాని మీద నిస్సీ.

"మా ఆయన పొద్దున్నే నీళ్ళలో ఆక్సిజనెంతుందో మీటరుతో చూస్తారండి. తక్కువైతే రొయ్యలు పైకి తేలిపోతాయి. ఆ చేత్తోనే పాప అంకె కూడా రాస్తారు. పొద్దున్నే నాలుగు ఊపిర్లు చూస్తాం మేము" అని నవ్వారు.

భోజనానికి బొచ్చె చేప పులుసు, గోంగూర పప్పు, ఈ పిల్లలకు కావాల్సినంత నెయ్యి. రొయ్యలు లేవేంటని ధాత్రి అడిగేసింది. "మా చెరువు రొయ్య మేం తినమమ్మా, పెంచినవాళ్ళం కదా" అన్నారు. మా వైపు కొత్తబియ్యం మొదటి ముద్ద పండించినవాడే తినాలంటారు. గోదావరికి ఇటూ అటూ ఇంత తేడా. ఆవిడ ఇంకో కంచంలో వడ్డించి, తలుపు ఓరగా తీసి లోపల పెట్టి, మళ్ళీ మూశారు. "నెమ్మదిగా తిను నాన్నా" అన్నమాట వినిపించింది. మిషను ఆగలేదు. ఆవిరి పట్టడానికి పదిహేను నిమిషాలు చాలు. మేం వచ్చి రెండు గంటలు దాటింది. నాకది తట్టాల్సింది.

తర్వాత అలమారాలోంచి డబ్బా తీశారు. దాని మీద మీసాలు చాచిన రొయ్య.

"ఇది చెరువుకి వేసేది కదండీ?"

"అదే సి, అదే ఇ, అదే సెలీనియం. మీరు చదువుకున్నవారు, డబ్బా మీద చూడండి. చెరువుకైతే కేజీ మేతకి ఇంతని కొలుస్తాం. పాపకి తేనెలో చిటికెడు. గ్రూపులో అడిగినవాళ్ళకి కొరియర్లో కూడా పంపాను. ఊపిరాడని రొయ్యే లేచి తిరుగుద్దండి, పిల్లకి పనిచెయ్యదా?"

డబ్బా తిప్పి చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో మనుషులు వాడరాదని ఉంది. చదివాను. అయినా నా కళ్ళ ముందు 260 కదలాడింది. ఆవిడ ప్లాస్టిక్ కవరులో పోసిచ్చారు, నేను తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను, కుదర్లేదు.

"మీ పాప ఒకసారి ఊదుద్దా?" అన్నారు. మా గొట్టం మా దగ్గరే ఉంది. ధాత్రి మూడుసార్లు ఊదింది. పెద్దది 140.

"మొన్నటిదాకా 160 అండి" అన్నాను. 

సుజాత గారు లేచి, నాలుగో గడిలో ఉన్నది చెరిపి 140 అని రాశారు. పోల్చడానికేమో అనుకున్నాను. ధాత్రి అన్నం తినేటప్పుడు వాడిన ఉప్పు డబ్బా "ఇదిగో ఆంటీ, మూత పట్టట్లేదు, పెట్టండి" అని చేయి చాపితే ఆవిడ వెనకాడలేదు, చేత్తోనే తీసుకున్నారు. మూత పెట్టి దాని మెడలో వేసి, వంగి నుదుటి మీద ముద్దు పెట్టారు. పెదాలు అక్కడే ఉంచి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు.

"ఉప్పు" అన్నారు.

ధాత్రి చేతులు కడుక్కుంటానని ఇంటి వెనక్కి వెళ్ళింది. పరుగున తిరిగొచ్చింది. నా కొంగు పట్టుకుని నిలబడింది.

రేవు

సుజాత గారి భర్త ప్రభుదాసు గారు సాయంత్రం చెరువు మీద నుంచి వచ్చారు. ధాత్రిని చూడగానే మెట్టు మీదే ఆగిపోయారు. "పాపను తీసుకొచ్చారాండీ" అన్నారు, అంతే. నరసాపురం రేవుదాకా బైకు మీద దింపుతానన్నారు. అక్కడ పంటు, అంటే ఇంజను బల్లకట్టు, ఎక్కి గోదావరి దాటితే, అమలాపురం మీదుగా కాకినాడ పోవచ్చు. ఆ 140 చూశాక ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలనుకున్నాను.

పొద్దు వాలేసరికి నది మీద మళ్ళీ మంచు దిగింది, పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. మంచులో దాని ఇంజను చప్పుడు వినిపిస్తోంది, పడవ కనిపించడం లేదు. అప్పుడు ధాత్రి నోరు విప్పింది.

"అంకుల్, నిస్సీ అక్క ఏది? నేను వెనక కిటికీలోంచి చూశాను. మంచం మీద ఎవరూ లేరు. మాస్కు దిండు మీద పెట్టారు. పొగ వస్తానే ఉంది."

ఆయన బైకు స్టాండు వేసి నీళ్ళ వైపు తిరిగారు.

"పోయిన ఈస్టరుకి ముందండి" అన్నారు. "మా చర్చి వెనకే పెట్టాం."

"మరి రోజూ ఆ అంకెలు?"

"ఆవిడే ఊదుద్దండి పాప గొట్టంలోకి. పాప ఎంత ఊదేదో అంతే వచ్చేలాగ, మెల్లిగా. మొదట్లో 210 దాటనిచ్చేది కాదు. ఇప్పుడు పాప ఊపిరి ఎంతుండేదో మర్చిపోతోందండి."

ఆ ఎక్కుతున్న అంకె చూసి నేను ఎన్ని పొద్దులు ఈర్ష్యపడ్డానో లెక్కలేదు.

"మీరు ఆపచ్చు కదండీ?"

"ఆ గడి ఖాళీగా ఉంటే ఆ పూట అన్నం ముట్టదు. రాసేది నేనే కదండీ, ఇంకేం ఆపుతాను?"

"పొడి పాపకి వేశారా?"

"చివరి రెండు నెలలూ వేశాం. మేత షాపులో నాకు ఖాతా ఉంది, నేనే తెచ్చాను. దానివల్ల పోయిందని నేననను. దానివల్ల బతకలేదు కూడా. ఇదుందిగా అని ఆవిరి మానేశామండి, పిల్ల ఏడుస్తోందని. ఇప్పుడు ఆ మిషను ఆపితే ఒప్పుకోదు."

నా చేతిలో ధాత్రి చెయ్యి చెమట పట్టింది. చెమట నాదో దానిదో తెలీలేదు. పంటు మంచులోంచి ఒక్కసారిగా బయటికొచ్చి ఒడ్డుకి తగిలింది. ఎక్కబోతుంటే ఆయన వెనక నుంచి "గ్రూపులో చెప్తారాండీ?" అన్నారు. నేను ధాత్రిని ఎత్తుకుని ఎక్కేశాను. పంటు మీద మోటారుసైకిళ్ళు, కొబ్బరిబొండాల మూటలు, ఒక పెళ్ళివారి బృందం. నది మధ్యకొచ్చేసరికి రెండు ఒడ్లూ కనిపించలేదు. ధాత్రి నా చెవిలో అడిగింది. "అమ్మా, ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు?"

కాకినాడ

తెల్లవారి ఆస్పత్రి హాలులో కూర్చుని ఉండగా, సరిగ్గా ఏడింటికి ఫోను వణికింది.

"నిస్సీ ఈరోజు 140."

ఆ అంకె కింద తల్లులు ఒకరి తర్వాత ఒకరు రాయడం మొదలుపెట్టారు. అయ్యో, ఏమైందండీ? ప్రార్థన చేస్తున్నాం. చలి వల్లేమో. పొడి ఇంకొంచెం పెంచి చూడండి. చివర ఒకావిడ రాసింది: "మా బాబుకి నేనూ నిన్నే మొదలుపెట్టాను. రెండు చిటికెలు వెయ్యమంటారా?"

అంతలో మా పేరు పిలిచారు. లోపల కంప్యూటరు తెర మీద పుట్టినరోజు కొవ్వొత్తులుంటాయి, గొట్టంలోకి ఊది ఆర్పాలి. కిందటిసారి ధాత్రి ఐదూ ఆర్పింది. ఈసారి మూడు ఆరాయి, రెండు ఊగి మళ్ళీ నిలబడ్డాయి. "అవి ఆరనంటున్నాయి" అంది. ఉండాల్సినదానిలో కిందటిసారి నూటికి ఎనభై రెండు ఉన్న ఊపిరి ఇప్పుడు డెబ్బై మూడు.

డాక్టరు గారు పెద్దావిడ. పొడి కవరు ఆవిడ బల్ల మీద పెట్టి, ఆవిరి మానేసిన సంగతి కూడా చెప్పేశాను. తిడతారనుకున్నాను. కవరు విప్పి చూశారు.

"యాంటీఆక్సిడెంట్లు పనిచెయ్యవని నేను చెప్పనమ్మా. కొందరిలో ఊపిరి కొంచెం మెరుగైనట్టు కనిపించింది. అది నిలుస్తుందా, అందరికీ వస్తుందా అన్నది ఇంకా తేలలేదు. వేస్తే మనుషుల మందు, మాకు చెప్పి, మిగతా వాటి పక్కన వెయ్యి. వాటి బదులు కాదు. ఇది మాత్రం చెరువులోదే."

"తగ్గింది మళ్ళీ వస్తుందాండీ?"

"చాలావరకు రావచ్చు. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. ఈ రెండు వారాలూ యాంటీబయాటిక్, వీపు తట్టడం, ఆవిరి. ఏడ్చినా సరే."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని గ్రూపులో రాశాను. నాలుగుసార్లు చెరిపాను. చివరికి పెట్టింది ఇది: "ఆ 140 మా ధాత్రిది. నిన్న సుజాత గారింట్లో ఊదింది. చెరువు పొడి పిల్లలెవరికీ వెయ్యకండి, డాక్టరు వద్దన్నారు. ఇదుందిగా అని నేను ఆవిరి మానేశాను, మా పాప ఊపిరి తగ్గింది." నిస్సీ గురించి ఒక్క ముక్క రాయలేదు. అది చెప్పే హక్కు నాది కాదనిపించింది.

 "మొదలుపెట్టాను" అన్న ఆవిడ "ఆపేశానండి" అని రాసింది. గంట తర్వాత నాకొక్కదానికే ఒక మెసేజ్ వచ్చింది, సుజాత గారి నుంచి.

"ధాత్రి రేపు ఎన్నింటికి ఊదుతుంది?"

 మండపేట బస్సులో దారి పొడుగునా ఆ ప్రశ్న చూస్తూ కూర్చున్నాను.

మండపేట

వచ్చి మూడు వారాలైంది. ధాత్రి నిద్రపోయాక, రోజుకి కొంచెంగా ఇది రాస్తున్నాను. గ్రూపులో ఇప్పుడు ఉదయం ఏడింటి వాక్యం రావడం లేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. కొందరికి అర్థమైందనుకుంటాను.

వచ్చిన మర్నాడు నేను "ఏడింటికి" అని జవాబిచ్చాను, అప్పటినుంచి రోజూ అంకె ఆవిడకి పంపుతున్నాను. జవాబివ్వకుండా ఉండాల్సిందని మా ఆయన అంటారు. "మన పిల్ల ఊపిరి వాళ్ళ గోడ మీద ఎందుకే?" అంటారు. ఆయన భయం నాకూ ఉంది. ప్రభుదాసు గారు పంపిన ఫొటోలో మూడు చెరువుల పక్కన నాలుగో గడి మీద పేరు ఇంకా నిస్సీదే, కింద అంకెలు మా పాపవి. 140, 145, 140, 150. ఆ పేరు చెరపమని అడగడానికి రెండుసార్లు ఫోను తీశాను. అడగలేదు.

సాయంత్రం ఆరింటికి ఆవిడ మెసేజ్ వస్తుంది, "ఆవిరి పట్టారా?" అని. ఒక్క రోజు కూడా తప్పలేదు, నేనూ తప్పించలేదు. ధాత్రి ఇంకా ఏడుస్తూనే ఉంది, కాస్త తక్కువ. మా ఇంట్లో మిషను ఆన్ చేసే టైముకే అక్కడా ఆన్ అవుతుందని, అంతకుముందు దాన్ని ముట్టుకోవడం లేదని ప్రభుదాసు గారు ఫోనులో చెప్పారు. పదిహేను నిమిషాలయ్యాక మాస్కు తీసి, ధాత్రి మొహం తుడిచి, "అయిపోయిందండి" అని రాస్తాను.

అప్పుడు ఆవిడ కూడా ఆపుతారట.